అడవిలో కలిసిపోయిన పాత ఊరి జాడ ఎలా పట్టుకోవాలి? (మెటల్ డిటెక్టర్ ఉంది, సలహా కావాలి)

పాతూరు మనవడు, తిరుపతి
ఏప్రిల్ 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఈ వేదికలో చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా అవ్వ, అంటే అమ్మ వాళ్ల అమ్మ, పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. భాకరాపేట వైపు అడవి అంచున ముప్ఫై గడపల పల్లె ఉండేదట. అవ్వకు ఏడెనిమిదేళ్ల వయసులో కలరా వచ్చింది. ఒక్క వారంలో పదకొండు మంది పోయారు. మిగిలినవాళ్లు తలుపులు, దూలాలు ఊడదీసి బండ్లకెత్తుకుని మూడు మైళ్లు ఇవతలికి వచ్చి కొత్త ఇళ్లు కట్టుకున్నారు. ఆ పాత ఊరిని చూసినవాళ్లలో మా ఇంట్లో మిగిలింది అవ్వ ఒక్కతే. ఆమెకు ఇప్పుడు 84 ఏళ్లు, చూపు బాగా తగ్గింది.

ఆమె ఉండగానే ఆ చోటు కనుక్కోవాలని నా కోరిక. రెండు నెలల కిందట ఒక మెటల్ డిటెక్టర్ కొన్నాను. మొన్న ఆదివారం మా మామ కొడుకుతో కలిసి ఆ వైపు పొలాల్లో నాలుగు గంటలు తిరిగాను. దొరికినవి ముళ్లకంచె ముక్కలు, సీసా మూతలు, గుట్కా పొట్లాల రేకులు. పైగా ఎర్రమన్నులో యంత్రం ఊరికే కూస్తూనే ఉంది. ఎక్కడ వెతకాలో తెలియకుండా వెతికితే ఫలితం ఉండదని అర్థమైంది. ముందు ఊరిని ఎలా పట్టుకోవాలో చెప్పండి.


చెరువుకట్ట, చిత్తూరు
ఏప్రిల్ 12, రాత్రి 10:55

బాబూ, సర్వే శాఖలో ముప్ఫై రెండేళ్లు గొలుసు లాగి రిటైరైన మనిషిని. డిటెక్టరును కొన్నాళ్లు అటక మీద పెట్టండి. ఊరు ముందు కాగితాల్లో దొరుకుతుంది, నేల మీద తర్వాత.

మొదట కొత్త ఊరు ఏ రెవెన్యూ గ్రామం కిందకు వస్తుందో చూడండి. మనుషులు లేచిపోయినా రెవెన్యూ గ్రామం పేరు మాత్రం పాతదే నిలిచి ఉండటం మామూలే. అలాంటివాటిని మా దఫ్తరులో బేచిరాకు గ్రామాలు అంటారు. పారశీ మాట, దీపం లేని ఊరని అర్థం. ఎన్నిసార్లు రాసినా ఆ మాట దగ్గర నా కలం ఒక్క క్షణం ఆగేది.

ఆ తర్వాత గ్రామ పటం, ఎఫ్ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటాల పుస్తకం), ఆర్ఎస్ఆర్ (సర్వే నంబర్లవారీగా నేల వివరాలు రాసిన పాత రిజిస్టరు) చూడాలి. వాటిలో నత్తం అని రాసిన సర్వే నంబరు కోసం వెతకండి. జనం ఇళ్లు కట్టుకోవడానికి వదిలిన నేలను మన వైపు నత్తం అంటారు, మిగతా చోట్ల గ్రామకంఠం అంటారు. చుట్టూ మెట్ట పొలాలు, మధ్యలో ఒక్క ఇల్లు కూడా లేని నత్తం నంబరు కనిపిస్తే మీ పని సగం అయినట్టే. ఆ పక్కనే శ్మశానం, వాగు పోరంబోకు, చెరువు, బండిదారి ఉంటాయి. ఇవన్నీ ఒకచోట చేరాయంటే అక్కడ ఊరు ఉండి తీరుతుంది.

ఇంకో సంగతి. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి, మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోవి. 2022 ఏప్రిల్‌లో మళ్లీ విడగొట్టారు. పాత కాగితం ఏ జిల్లా పేరు కింద ఉందో తేల్చుకోకుండా వెళితే ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరగాల్సి వస్తుంది.

సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు కూడా తెప్పించుకోండి. అవి నంబర్లు వేసిన వివరమైన నేల పటాలు, మన ప్రాంతం 57 ఓ అనే నంబరు కిందకు వస్తుంది. తిరుపతి 57 ఓ/6 లో, చిత్తూరు 57 ఓ/4 లో ఉన్నాయి. మీరు చెప్పే చోటు తిరుపతి షీటుకు పడమర వైపుది. అంగుళానికి మైలు లెక్కన వేసిన పాత ముద్రణ దొరికితే ఇంకా మంచిది. ఇప్పటి షీటులో పొదల గుర్తులున్న చోట ఆ పాతదానిలో ఇళ్ల చుక్కలు, బావి, గుడి గుర్తులు కనిపిస్తాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి.


చింతతోపు, పలమనేరు
ఏప్రిల్ 13, ఉదయం 6:20

చెరువుకట్ట సార్ చెప్పిన కాగితాలు నాకు చదవడం రాదు గానీ నేలను చదవడం వచ్చు. మా పొలం పక్కనే పాటిదిబ్బ ఉంది. మా నాయన దాన్నుంచి బండ్లకొద్దీ మన్ను తోలి చెరకుకు ఎరువు వేసేవాడు. పాటిమన్ను అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను. వందల ఏళ్లు మనుషులు, పశువులు ఉన్న చోట బూడిద, పేడ, గడ్డి, కూలిన గోడల మన్ను అన్నీ కలిసి మురిగి తయారయ్యే నేల అది. చుట్టూ నేల ఎర్రగా గట్టిగా ఉంటే ఆ చోట మాత్రం బూడిద రంగులో, కాలు పెడితే మెత్తగా దిగేలా ఉంటుంది. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వెళితే దూరం నుంచే తేడా తెలుస్తుంది. పిడికెడు తీసి నలిపితే చేతికి నల్లగా అంటుకుంటుంది, మధ్యలో చిన్న చిన్న పెంకులు తగులుతాయి.

అడవిలో అయితే ముందు చెట్లను చూడాలి. మన అడవిలో తనంతట తాను పెరిగే చెట్లు వేరు, మనిషి నాటిన చెట్లు వేరు. చండ్ర, తుమ్మ, బిల్లుడు మధ్యలో ఒక్కసారిగా నాలుగు ముసలి చింతలు ఒకే వరసలో కనిపిస్తే ఆగిపోండి. అవి ఊరిముందు చింతలు. రావి, వేప ఒకే పాదులో పెనవేసుకుని ఉంటే ఎవరో పెళ్లి చేసి నాటినవి, కింద పుట్టమన్ను తొలగించి చూస్తే నాగశిల తల కనిపించవచ్చు. బ్రహ్మజెముడు, కిత్తనార దట్టంగా గీత గీసినట్టు ఉంటే అది దొడ్డి కంచె. సీతాఫలం మొక్కలు గుంపులుగా ఉంటే అక్కడ రాళ్ల గోడ కూలి ఉంటుంది, ఆ సందుల్లో గింజ బాగా మొలుస్తుంది. అడవి మధ్య కరివేపాకు చెట్టు ఉంటే పెరడు అక్కడే.

చేల పేర్లు అడగడం మరవకండి. పాటిచేను, ఊరిచేను, కుమ్మరిమిట్ట, గానుగమిట్ట, పాతూరి గుంట. ఇళ్లు పోయినా ఈ పేర్లు పోవు. పట్టా పాసుపుస్తకంలో ఉండవు, గొర్రెల కాపరిని అడిగితే చెబుతాడు. ఒక్క బీడీ కాల్చే సేపు కూర్చుని మాట్లాడితే నెల రోజులు తిరిగినా తెలియనిది తెలుస్తుంది.

జాగ్రత్తలు రెండు. పాత ఊళ్లలో పాడుబావులు ఉంటాయి. ఒర కూలిపోయి, మీద బలుసు పొదలు కమ్మి, అంచు ఎక్కడో తెలియకుండా ఉంటుంది. కర్రతో పొడుస్తూ నడవండి. రెండోది, అడవిపందుల కోసం కరెంటు తీగలు పెట్టేవాళ్లున్నారు. తెల్లవారాక బయలుదేరి సాయంత్రం నాలుగుకల్లా తిరిగి వచ్చేయండి. మా వైపు అయితే ఏనుగులు కూడా, కౌండిన్య అభయారణ్యం పక్కనే కదా.


నాణెం కథ, తిరుపతి
ఏప్రిల్ 13, ఉదయం 11:05

యంత్రం కూత గురించి చెబుతాను. మీ డిటెక్టర్ చెడిపోలేదు. వంకలో ఇసుక మీద అయస్కాంతం దొర్లించి చూడండి, నల్లటి రవ్వలు మీసాల్లా అంటుకుంటాయి. మన గ్రానైటు నేలల్లో మాగ్నటైట్ ఎక్కువ. గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల గుణానికి యంత్రం కూయకుండా చేసే అమరిక, ప్రతి చోటా కొత్తగా సరిచేసుకోవాలి. చేనులో సరిచేసిన అమరిక దిబ్బ మీద పనికిరాదు, ఎందుకంటే బూడిదమన్ను గుణం వేరు. సున్నితత్వం కూడా కొంచెం తగ్గించండి. అర అడుగు లోతు స్పష్టంగా వినిపిస్తే చాలు, అడుగున్నర లోతు నుంచి గజిబిజిగా వినిపించి లాభం లేదు.

కొత్తగా మొదలుపెట్టిన వాళ్లందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. ఇనుమును వదిలేసేలా అమర్చి నడుస్తారు. నాణేల కోసమైతే సరే, ఊరి కోసమైతే అది తప్పు. ఊరు ఉన్నచోట మొట్టమొదట పలికేది ఇనుమే. తలుపు మేకులు, కొడవలి ముక్కలు, బండి కమ్మీ, ఎద్దు లాడాలు. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండు రేకులు వేస్తారు, అర్ధచంద్రంలా ఉంటాయి. అలాంటివి బారుగా దొరికితే అది బండిదారి, ఒకేచోట గుంపుగా దొరికితే కొట్టం. ఇనుము కూతలు ఎక్కడ దట్టమవుతున్నాయో, ఎక్కడ ఆగిపోతున్నాయో కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ వెళ్లండి. తవ్వకండి, వినండి చాలు. సాయంత్రానికి ఆ చుక్కలే మీకు ఇళ్ల వరస చూపిస్తాయి.


సప్తసముద్రాలు, అమెరికా (సొంతూరు పుత్తూరు)
ఏప్రిల్ 13, రాత్రి 8:15

నేను పెన్సిల్వేనియాలో ఉంటున్నాను. ఇక్కడ అడవుల్లో పాత ఇళ్ల జాగాలు వెతకడం చాలామందికి వారాంతపు పని. 19వ శతాబ్దంలో సేద్యం చేసి తర్వాత వదిలేసిన కొండ పొలాల మీద మళ్లీ అడవి పెరిగింది. చింతతోపు అన్న చెప్పిన మాటలే ఇక్కడా వింటాను, చెట్ల పేర్లే వేరు. లైలాక్ పొదలు, నేలబారుగా పాకే వింకా తీగ, వసంతంలో అడవి మధ్య వరసగా పూచే డాఫొడిల్స్, ముసలి యాపిల్ చెట్టు. ఇవి ఎవరో గృహిణి వాకిట్లో నాటుకున్నవి. దగ్గరలోనే రాళ్లు పేర్చిన నేలమాళిగ గుంట ఉంటుంది, పొగగూడు రాళ్లు అందులోకే కూలి ఉంటాయి.

పటాల విషయంలో మాకు రెండు సదుపాయాలు ఉన్నాయి. 1860, 1870 దశకాల్లో అచ్చయిన కౌంటీ అట్లాసుల్లో ఇల్లు ఎక్కడ ఉందో చుక్క పెట్టి ఇంటి యజమాని పేరు కూడా రాశారు. రెండోది లైడార్. విమానం నుంచి లేజరుతో కొలిచి చెట్లను తీసేసినట్టు నేలను మాత్రమే చూపే పటం. రాతి గోడలు, పాత బాటలు, నేలమాళిగ గుంటలు గీసినట్టు కనిపిస్తాయి. ఆ పటాలు ఇక్కడ ఉచితం.

అయినా ఇక్కడ కూడా ఎక్కడపడితే అక్కడ తవ్వనివ్వరు. ప్రైవేటు నేల అయితే యజమాని అనుమతి ఉండాలి. ఫెడరల్ నేలల్లో వందేళ్లు దాటిన పురావస్తువులను ముట్టుకోవడం 1979 నాటి చట్టం ప్రకారం నేరం. నేను ఐదేళ్లలో తవ్వింది ఒక్క రైతు పొలంలోనే, ఆయన సంతకం చేసిన కాగితం జేబులో పెట్టుకుని.

మన దగ్గర లైడార్ లేకపోయినా ఇస్రో వారి ఉపగ్రహ పటాల సైటు భువన్ ఉంది కదా. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలకు వెనక్కి వెళ్లి ఏప్రిల్, మే నెలలవి చూడండి. ఆకు రాలిన అడవిలో నేల కనిపిస్తుంది. చెరువు కట్ట విల్లులా వంగి కనిపిస్తే దాని కింది వైపు పొలాలు, పక్కన మిట్ట మీద ఊరు ఉండాలి.


రాయలకాలం
ఏప్రిల్ 14, రాత్రి 12:30

ఇన్ని కాగితాలెందుకు అన్నా? శేషాచలం లోపల పాడుగుళ్లు, కోటగోడలు ఎన్నో ఉన్నాయి. పాళెగాళ్లు పారిపోయేటప్పుడు పాతిపెట్టినవి ఇంకా అక్కడే ఉన్నాయని మా వైపు అందరూ అంటారు. మీ యంత్రం తీసుకురండి, దారి నేను చూపిస్తాను. రాత్రి వెళితే ఎవరూ చూడరు.


నిర్వాహకుడు
ఏప్రిల్ 14, ఉదయం 7:10

రాయలకాలం గారి సందేశాన్ని తొలగించకుండా ఉంచుతున్నాను, దాని కింద ఈ జవాబు అందరికీ కనిపించాలని. ఇలాంటి ఆహ్వానం మళ్లీ రాస్తే సభ్యత్వం రద్దవుతుంది.

శేషాచలం కొండల్లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఉంది. మిగతాది చాలావరకు రిజర్వు అడవి. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం నేరం, తవ్వడం సంగతి చెప్పనక్కర్లేదు. ఎర్రచందనం దొంగల కోసం అక్కడ రాత్రీపగలూ గాలింపు జరుగుతుంటుంది. చీకట్లో పనిముట్లతో కనిపించిన మనిషి ఎందుకొచ్చాడో ఆగి అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

రక్షిత కట్టడాల సంగతి ఇంకా కఠినం. 1958 నాటి పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా నిర్మాణాలు, తవ్వకాలు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రాష్ట్రం రక్షించే కట్టడాలకు వేరే చట్టం ఉంది.

సొంత పట్టా నేలలోనైనా సరే, 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. నేలలో దాగిన వస్తువు పది రూపాయలకు మించిన విలువ చేస్తే దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి: ఏమి దొరికింది, ఎక్కడ, ఏ రోజు. దాచిపెడితే వాటా పోవడమే కాదు, ఏడాది దాకా జైలు. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు అవుతుంది. ఇవి తెలిసి పని చేసేవారికే ఈ వేదిక.


ముగ్గుల వాకిలి, కుప్పం
ఏప్రిల్ 14, ఉదయం 9:45

నిర్వాహకుడు గారు రాసింది చదివాక నాకు జరిగింది చెప్పాలనిపించింది. నేను టీచరును. మూడేళ్ల కిందట మా అత్తగారి పాత ఊరి దిబ్బ ఫోటోలు తీయడానికి వెళ్లాను. చేతిలో యంత్రం లేదు, కొలిచే టేపు, పలుగు లాంటి ఒక ఇనుపకడ్డీ మాత్రమే ఉన్నాయి. అరగంటలో ఇరవై మంది చుట్టుముట్టారు. గుప్తనిధుల ముఠా అనుకున్నారు. అంతకు నెల ముందే ఎవరో రాత్రిపూట వచ్చి వాళ్ల అమ్మవారి గుడి గర్భాలయంలో తవ్వి విగ్రహాన్ని పెకలించి పోయారట. ఆ విగ్రహం ఉన్న గుంటను ఒక ముసలాయన నాకు చూపించాడు. అందులో పసుపు కుంకుమ ఇంకా ఉన్నాయి. వాళ్ల కోపంలో నాకు తప్పు కనిపించలేదు.

అందుకని మనవడు గారూ, ముందు ఊరి పెద్దలకు, ఆ చేను యజమానికి, వీలైతే ఫారెస్టు బీట్ ఆఫీసరుకు చెప్పి వెళ్లండి. అవ్వను వెంట తీసుకెళ్లండి. ఆమె పక్కన ఉంటే మీరు ఆ ఊరి బిడ్డ అని వేరే చెప్పే పని ఉండదు.


రాతి అక్షరం, తిరుపతి
ఏప్రిల్ 14, సాయంత్రం 5:30

కాగితాల్లో మరో పొర ఉంది, దాన్ని ఇంకా ఎవరూ చెప్పలేదు. తిరుమల గుడి గోడల మీది శాసనాలను దేవస్థానం సంపుటాలుగా అచ్చు వేసింది. వాటిలో రాజులు, సామంతులు, వ్యాపారులు స్వామికి రాసిచ్చిన గ్రామాల పేర్లు వందలకొద్దీ ఉన్నాయి. విజయనగర కాలంలో భక్తులు ఇచ్చిన సొమ్మును చాలాసార్లు దేవుడి గ్రామాల్లోనే చెరువులు, కాలువలు తవ్వించడానికి పెట్టేవారు. పెరిగిన పంటతో నైవేద్యం జరిగేది. అంటే శాసనంలో ఊరి పేరుతోపాటు చెరువు పేరు, కాలువ పేరు, పొలిమేరలు కూడా దొరకవచ్చు. ఆ పేర్లలో కొన్ని ఇప్పుడు ఏ పటంలోనూ లేవు. ఊరు చెదిరిపోయినా చెరువు కట్ట ఉంటుంది కదా, దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లవచ్చు.

మెకంజీ కైఫీయతులు కూడా చూడండి, కంపెనీ కాలపు సర్వే అధికారి మెకంజీ రాయించిన ఊళ్ల చరిత్రలు అవి. ఆయన సహాయకులు కావలి సోదరులు, వారి కింది పండితులు ఊరూరా తిరిగి కరణాల నోట విని రాసినవి. ఫలానా ఊరు పాడుపడితే ఫలానావారు అడవి కొట్టించి మళ్లీ కట్టించారని వాటిలో తరచుగా కనిపిస్తుంది. మన ఊళ్లు ఒకసారి పుట్టి ఒకసారి చచ్చినవి కావు. 1876-78 కరువులో, మా వైపు ధాత కరువు అంటారు, ఎన్ని పల్లెలు లేచిపోయాయో. తర్వాత కొన్ని పక్కనే మళ్లీ వెలిశాయి. అవ్వ చెప్పిన కలరా కూడా ఆ ఊరికి మొదటి దెబ్బ కాకపోవచ్చు.

ఒక హెచ్చరిక. అడవి అంచు మిట్టల మీద గుండ్రంగా పేర్చిన పెద్ద రాళ్లు, నాలుగు బండలతో గది, ఒక బండకు గుండ్రటి రంధ్రం కనిపిస్తే అది పాత ఇల్లు అనుకోవద్దు. మన వాళ్లు పాండవుల గుళ్లు అంటారు. అవి ఇనుప యుగపు సమాధులు. ఒక్క రాయి కూడా కదపవద్దు. ఫోటో తీసి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పురావస్తు విభాగానికి చెప్పండి.


పాతూరు మనవడు, తిరుపతి
మే 5, రాత్రి 10:10

అందరికీ నమస్కారాలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మూడు వారాల్లో ఎంతో జరిగింది, వరసగా చెబుతాను.

చెరువుకట్ట సార్ చెప్పినట్టే గ్రామ పటంలో ఇళ్లు లేని నత్తం నంబరు దొరికింది. దాని తూర్పు హద్దు మా దూరపు బంధువు పట్టా చేనును ఆనుకుని ఉంది, పడమటి కొస రిజర్వు అడవి హద్దు రాళ్ల దగ్గర ముగుస్తుంది. చేను పేరు ఏమిటని ఆయనను అడిగాను. పాటిచేను అన్నాడు. ఆ మాట వినగానే ఒళ్లు జలదరించింది. ఆయన దగ్గర, నత్తం గురించి పంచాయతీ పెద్దల దగ్గర రాతలో అనుమతి తీసుకున్నాను. బీట్ ఆఫీసరును కలిసి హద్దు రాళ్లు దాటనని చెప్పాను.

పోయిన ఆదివారం అవ్వను ఆటోలో చేను గట్టు దాకా తీసుకెళ్లాం. ఆమెకు ఏమీ కనిపించదని అనుకున్నాను. దిగి, చెప్పులు విడిచి, కాసేపు నిలబడింది. "గాలి ఎటునుంచి?" అని అడిగింది. దక్షిణం నుంచి అన్నాను. "మాకు ఆషాఢం గాలి కొడితే కుమ్మరి ఆవం పొగ వాకిట్లోకి వచ్చేది. అమ్మ తిట్టుకుంటూ తడిక అడ్డం పెట్టేది" అంది.

ఆషాఢంలో మనకు గాలి పడమర నుంచి వస్తుంది. అంటే కుమ్మరి ఆవానికి, కుండలు కాల్చే బట్టీకి, తూర్పున వాళ్ల ఇల్లు. మా మామ కొడుకూ నేనూ నత్తంలో వంగి పెంకులు చూస్తూ నడిచాం. పడమటి కొసన, హద్దు రాళ్లకు ఇవతల పాతిక అడుగుల దూరంలో, పెంకులు ఒక్కసారిగా దట్టమయ్యాయి. వంకరపోయిన కుండ మూతులు, ఒకదానికొకటి అతుక్కుపోయినవి, గాజులా మెరిసే నల్లటి మన్ను గడ్డలు. అడుగు లోతున మన్ను అంతా ఇటుక రంగులో కాలి ఉంది, వానకు కోసుకుపోయిన గట్టులో ఆ పొర స్పష్టంగా కనిపించింది. దీనికి డిటెక్టర్ అవసరమే పడలేదు.

అక్కడి నుంచి తూర్పుకు నడుస్తూ నాణెం కథ గారు చెప్పినట్టు ఇనుమును వదలకుండా విన్నాను. నలభై అడుగులు మౌనం. ఆ తర్వాత కూతలు మొదలయ్యాయి. చుక్కలు పెట్టుకుంటూ పోతే రెండు వరసలు తేలాయి, మధ్యలో పది అడుగుల ఖాళీ. అది వీధి అయి ఉండాలి. దక్షిణపు వరసలో మూడో గుంపు దగ్గర నేలలో సగం కూరుకుపోయిన రోలు ఉంది. అవ్వను పట్టుకుని అక్కడికి నడిపించాం. ఆమె కూర్చుని రోలు అంచు చుట్టూ చెయ్యి తిప్పింది. ఒకవైపు అంచు పగిలి ఉంది. ఆ పగులులో బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయింది. ఏమీ మాట్లాడలేదు. మేమూ అడగలేదు.

దిబ్బ మీద ఎక్కడా తవ్వలేదు. పాటిచేనులో, దున్నిన మన్నులో మాత్రం ఒకచోట స్పష్టమైన కూత వస్తే చేను యజమాని ఎదుటే నాలుగు వేళ్ల లోతు తీశాం. మధ్యలో గుండ్రటి చిల్లు ఉన్న పచ్చబారిన కంచు బిళ్ల. నీళ్లలో ముంచి వేలితో తుడిస్తే 1944 కనిపించింది. ఉన్నచోటే ఫోటో తీసి, గట్టు నుంచి దూరం కొలిచి రాసుకున్నాను.


నాణెం కథ, తిరుపతి
మే 5, రాత్రి 10:45

అది కాణీ! రూపాయిలో 64వ వంతు. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి 1947 దాకా చిల్లుతో వేశారు. దారానికి గుచ్చి పిల్లల మొలతాడుకు కట్టేవారు, అందుకే ఇళ్ల దగ్గర పడిపోతుంటాయి. దాన్ని దయచేసి చింతపండుతో తోమకండి. పచ్చటి పొర పోతే అక్షరాలూ పోతాయి. పొడి కాగితం పొట్లంలో చోటు, తేదీ రాసి ఉంచండి.

ఒక మాట. ఈ నాణెం 1944 తర్వాత కూడా అక్కడ మనుషులు తిరిగారని చెబుతుంది, అంతే. ఊరు ఏ ఏడాది లేచిపోయిందో చెప్పదు. చేను దున్నే మనిషి జేబులోంచి తర్వాత పడినా పడవచ్చు. మీ అవ్వ చెప్పిన వయసుతో సరిపోతోంది కాబట్టి నమ్మబుద్ధి వేస్తోంది. అయినా నోటుపుస్తకంలో మాత్రం "1944 తర్వాత" అనే రాయండి.


రాతి అక్షరం, తిరుపతి
మే 6, ఉదయం 6:50

ఆవం దొరకడం నాణెం కన్నా వంద రెట్లు గొప్ప సంగతి. అతుక్కుపోయిన పెంకులను ఏరి ఇంటికి తెచ్చుకోకండి, అవి ఉన్నచోట ఉంటేనే ఆవం హద్దు తెలుస్తుంది. ఒక స్కేలు పక్కన పెట్టి ఫోటోలు తీయండి. కుండ మూతుల అంచులు పక్క నుంచి కనిపించేలా తీస్తే చూసినవారికి కాలం గురించి అంచనా వస్తుంది. ఇటుక రంగు పొర ఉన్న గట్టును ఎవరూ చెక్కకుండా చూడండి.


సప్తసముద్రాలు, అమెరికా (సొంతూరు పుత్తూరు)
మే 6, ఉదయం 8:00

ఐదేళ్లుగా ఇక్కడ ఎవరెవరి ఇళ్ల జాగాల్లోనో తిరిగాను. వాటిలో పుట్టిన మనిషి చెయ్యి పట్టుకుని ఒక్కదానిలోకీ నడవలేదు. గాలిని బట్టి ఇల్లు కనుక్కోవడం ఏ అట్లాసులోనూ నేర్చుకోలేనిది. ఇంకా ఏమేమి వాసనలు, చప్పుళ్లు గుర్తున్నాయో అవ్వను అడగండి. గానుగ చప్పుడు ఎటునుంచి వినిపించేది, నీళ్లకు వెళ్లేటప్పుడు పొద్దు ఎదురుగా ఉండేదా వీపున ఉండేదా. అన్నీ ఫోనులో ఆమె గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకోండి.


చెరువుకట్ట, చిత్తూరు
మే 6, ఉదయం 9:30

బాబూ, చాలా సంతోషం. కాణీ విలువ పది రూపాయలు దాటుతుందా లేదా అన్న లెక్కలోకి పోకుండా చేను యజమానితో కలిసి తహసీల్దారు ద్వారా కలెక్టరుకు ఒక అర్జీ పెట్టండి. దొరికిన రోజు, సర్వే నంబరు, లోతు రాయండి. రసీదు తీసుకోండి. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే ఆ కాగితమే మీకు రక్ష.

ఇళ్ల వరసల చుక్కలను ఎఫ్ఎంబీ మీద ఎక్కిస్తే బాగుంటుంది. నత్తం మూలరాయి ఒకటి దొరికితే అక్కడి నుంచి కొలవవచ్చు.


పాతూరు మనవడు, తిరుపతి
మే 6, రాత్రి 9:20

సప్తసముద్రాలు అన్నా, అడిగాను. నీళ్లకు పొద్దున్నే వెళ్లేటప్పుడు పొద్దు కుడి చెంపకు తగిలేదట. అంటే బావి ఉత్తరాన. దిగుడుబావి, పద్నాలుగు మెట్లు, నాలుగో మెట్టు దగ్గర దీపం గూడు ఉండేదట. ఆ వైపంతా బలుసు పొదలు, అందుకే ఇంకా అడుగు పెట్టలేదు. చింతతోపు అన్నా, కర్ర, తాడు రెండూ తీసుకునే వెళతాను.

వచ్చే మంగళవారం కొత్త ఊరివాళ్లు పాత గంగమ్మ రాయి దగ్గర పొంగళ్లు పెడతారని తెలిసింది. ఇన్నాళ్లూ ఏటా జరుగుతూనే ఉందట, మా ఇంట్లోనే ఎవరికీ తెలియదు. రాయి చేను ఉత్తరపు గట్టు మీదే ఉంది. అవ్వ వస్తానంటోంది. ఆ రోజు మూలరాయి కోసం వెతుకుతాను. చెరువుకట్ట సార్, ఎన్ని మీటర్ల టేపు తెచ్చుకోవాలి?


చెరువుకట్ట, చిత్తూరు
మే 6, రాత్రి 9:50

ముప్ఫై మీటర్లది చాలు. నా పాత గొలుసు కూడా తెస్తాను. ఎనిమిదింటి బస్సుకు భాకరాపేటలో దిగుతాను.